కదలకపోతే లేనట్టేనా?

ఇది రాసే ముందు మా అమ్మాయి మాధవిని అడిగాను, రాయనా అని. "రాయమ్మా, కానీ ఆయన్ని మరీ చెడ్డగా రాయకు" అంది. ఆయన అంటే మా అల్లుడు కిరణ్. కిరణ్ చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను, తరువాత నాకు తీరిక ఉండకపోవచ్చు.

నాకు అరవై తొమ్మిదేళ్లు. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, గణాంక విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తేదీ లేని కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టలేదు. 2015 కార్తీకం నుంచి 2016 మాఘం దాకా నా ఒంట్లో ఏం జరిగిందో, నా చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఏమనుకున్నారో ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉన్న ఇళ్లు మా వీధిలోనే చాలా ఉన్నాయి. "వయసైపోయింది కదండీ" అన్న మాట విని నోరు మూసుకున్న ఆడవాళ్లు ఆ ఇళ్లకంటే ఎక్కువమందే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, అందుకోసం కూడా.

ఆశ్వయుజం

మా ఫ్లాటు అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు వెళ్లే ఒక సందులో, మూడో అంతస్తులో ఉంది. మావారు పోయాక మాధవి, కిరణ్, మనవరాలు ఆద్య నా దగ్గరికే వచ్చేశారు. ఆద్యకు ఆరేళ్లు. దాని స్కూలు రెండు సందుల అవతల. పొద్దున దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. రిటైరయ్యాక నా రోజుకు ఒక ఆకారం ఇచ్చింది ఆ రెండు నడకలే.

కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా కంపెనీ కోసం ప్రోగ్రాములు రాస్తాడు, ఆదివారం సరదాకి ఇంకొన్ని రాస్తాడు. ఆ దసరా సెలవుల్లో ఇంటికి పార్సిళ్లు వచ్చాయి. అగ్గిపెట్టెంత బోర్డులు, రంగురంగుల తీగలు, తెల్లటి బుడిపెల్లాంటి సెన్సర్లు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, పక్కన టంకం పెట్టే కడ్డీ. కంచం పెట్టుకోవడానికి నాకు చోటు లేదు. "ఇల్లు స్మార్ట్ అవుతోంది అత్తయ్యగారూ" అన్నాడు. అప్పటిదాకా ఇల్లు ఏమై ఉండేదో నేను అడగలేదు.

మొదట హాల్లో లైటు. మనిషి అడుగు పెడితే అదే వెలుగుతుంది. ఐదు నిమిషాలు ఎవరూ కదలకపోతే అదే ఆరిపోతుంది. పుస్తకం చదువుకుంటూ కూర్చుంటే చీకటి పడిపోయేది. ఆద్యకు అదొక ఆట అయింది. "అమ్మమ్మా, చెయ్యి ఊపు! చెయ్యి ఊపు!" అని అరిచేది. నేను గాలిలో చెయ్యి ఊపితే లైటు వెలిగేది. మా ఎదురు ఫ్లాటులో అండాళు ఉంటుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబం, జాకెట్లు కుడుతుంది. ఒకనాడు మాతో కూర్చుని టీవీ చూస్తుంటే ఆమెకూ చీకటి పడింది. "ఇదేం లైటమ్మా, సలాం కొట్టకుంటే పోతది! నిజాం కాలంల సుత గింత లేకుండె" అంది. కిరణ్ కూడా నవ్వాడు.

తరువాత నా స్నానాల గది. మా ఫ్లాటులో రెండు ఉన్నాయి. వాళ్ల గదికి ఆనుకుని ఉన్నదానిలో కరెంటు గీజరు, నేను వాడేదానిలో గ్యాసు గీజరు. అది బిగించినప్పుడు మెకానిక్ ఎగ్జాస్ట్ ఫ్యానును లైటు స్విచ్చికే కలిపాడు. "మంట వెలుగుతున్నంతసేపూ ఫ్యాను తిరగాలమ్మా, ఆ గాలి బయటికి పోవాలె" అని చెప్పి వెళ్లాడు. లైటు వేస్తే ఫ్యాను తిరిగేది. ఏళ్ల తరబడి అలాగే తిరిగింది.

కిరణ్ దాన్ని విడదీశాడు. "మీరు లైటు వేసి మర్చిపోతే ఫ్యాను రోజంతా తిరుగుతోంది అత్తయ్యగారూ. ఇప్పుడు లోపల మనిషి ఉంటేనే తిరుగుతుంది. మీరు దేనిమీదా చెయ్యి వెయ్యక్కర్లేదు."

నేను లోపలికి వెళ్లి చూశాను. తిరిగింది. బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి ఆగింది. బాగానే ఉందన్నాను.

కార్తీకం

కార్తీకంలో సోమవారాలు తలస్నానం, నక్షత్రం చూసేదాకా ఉపవాసం. శనివారాలు నాకు ఏడాది పొడవునా తలంటు, ఒంటిపూట భోజనం. మా అమ్మ చేసింది, నేను చేస్తున్నాను. ఎవరినీ చెయ్యమనలేదు.

నవంబరు పదహారు, మొదటి సోమవారం. స్నానం అయి, తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాను. తడి గుడ్డ ఒకటి తల చుట్టూ వేసి ఎవరో గట్టిగా పిండుతున్నట్టు అనిపించింది. కాళ్లు దూదిలా తేలిపోయాయి. గోడ పట్టుకుని గడప దగ్గరే కూలబడ్డాను. మాధవి, కిరణ్ అప్పటికే ఆఫీసులకు వెళ్లారు. వీధి తలుపు తీసి ఉండబట్టి అండాళు చూసింది.

"అమ్మా! గిట్ల కూసున్నవేంది? ఏమైంది?"

"తల తిరుగుతోంది అండాళూ."

"ఉపాసమున్నవా?"

"ఉన్నాను."

"గదే మరి!" అని వెళ్లి పంచదార నీళ్లు కలిపి తెచ్చింది. మధ్యాహ్నం దాకా తన మిషను వదిలేసి నా పక్కన కూర్చుంది. ఎవరి జాకెట్టో ఆ రోజు ఆలస్యమైంది, వాళ్లు వచ్చి అరిచారు కూడా. ఆ మేలు నేను మరచిపోను. కానీ ఆ "గదే మరి" అన్న మాట అప్పటినుంచి అందరి నోటా వినడం మొదలైంది.

శనివారం మళ్లీ అదే. తరువాతి సోమవారం మళ్లీ అదే. సాయంత్రానికి తగ్గిపోయేది. మాధవి నన్ను మా వీధి చివర ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్లింది. డాక్టరు నా చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తూ, మాధవితో అన్నాడు: "అమ్మగారు ఏం తింటారు?"

"అమ్మగారు ఇక్కడే కూర్చుంది, అమ్మగారినే అడగండి" అన్నాను.

ఆయన నవ్వాడు, అదీ మాధవి వైపు చూసే. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. "ఈ వయసులో ఉపవాసాలేంటండీ?" అన్నాడు. అప్పుడు నేను చెప్పాను: ఈ నెలలోనే ఏకాదశి వచ్చింది. ఆ రోజు మామూలు స్నానమే చేశాను, పొద్దున్నుంచి రాత్రి దాకా పచ్చి మంచినీళ్లతో ఉన్నాను. ఏమీ కాలేదు. ఉపవాసమే కారణమైతే ఆ రోజు కూడా పడాలి కదా?

"ఒక్కోసారి ఒళ్లు తట్టుకుంటుందమ్మా, ఒక్కోసారి తట్టుకోదు."

"అది జవాబు కాదు" అన్నాను. మాధవి బల్ల కింద నా చెయ్యి గిల్లింది. అరవై తొమ్మిదేళ్ల మనిషిని, నా కూతురి చేత గిల్లించుకున్నాను. ఉపవాసాలు మానేయమని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. తేదీ వెయ్యలేదు.

మార్గశిరం

మానేశాను. డిసెంబరు పన్నెండు శనివారం, నాకు జ్ఞానం వచ్చాక మొదటిసారి, తలంటుకు ముందే టిఫిన్ తిన్నాను. మాధవి నిలబడి ఇడ్లీలు పెట్టింది. అవి గొంతులోంచి ఎలా దిగాయో నాకు తెలుసు. స్నానం అయ్యాక ఆ ఇడ్లీలన్నీ వాంతి చేసుకుని వంటింట్లో నేల మీద పడుకున్నాను.

మాధవి నన్ను లేపి మంచం ఎక్కించింది. తరువాత చెవిలో అడిగింది. "నిజం చెప్పమ్మా. ఇడ్లీలు తిన్నావా, చెత్తబుట్టలో వేశావా?"

నీ ఎదురుగానే తిన్నాను కదే అన్నాను. వాంతి చూశావు కదే అన్నాను. సరేలే అంది. కానీ వంటింట్లోకి వెళ్లి బుట్ట మూత తీసి చూసిన చప్పుడు నాకు వినిపించింది. జబ్బు కన్నా ఆ మూత చప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

డిసెంబరు పందొమ్మిది, శనివారం. ఆద్యకు ఒంటిపూట బడి. తలంటు అయి గంటలు గడిచినా తల బరువు దిగలేదు. అయినా బయలుదేరాను. మెట్రో పనుల కోసం రోడ్డుకు అడ్డంగా రేకులు పాతారు. ఎప్పుడూ తిరిగే మలుపు మూసేశారు. పక్క సందులోంచి చుట్టి వెళ్లాలి, ఆ దారి నాకు తెలియనిది కాదు. కానీ ఆ రేకుల ముందు నిలబడిపోయాను. ఎటు వెళ్లాలో తెలియలేదు. ఎక్కడికి బయలుదేరానో కూడా ఒక్క క్షణం తెలియలేదు. వెనకనుంచి ఆటోవాడు "ఓ అమ్మా, ఇంట్ల చెప్పొచ్చినవా?" అని అరిచాడు. నేను స్కూలు చేరేసరికి పిల్లలందరూ వెళ్లిపోయారు. ఆద్య వాచ్‌మన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. టీచరు అప్పటికే మాధవికి ఫోను చేసింది.

ఆ రాత్రి మాధవి, కిరణ్ గదిలో మాట్లాడుకున్నారు. మరుసటి సోమవారం నుంచి ఆద్యకు స్కూలు వ్యాను పెట్టారు.

నన్ను అడగలేదు. "చలి కదమ్మా, నీకెందుకు శ్రమ" అన్నారు. వ్యాను వచ్చిన రెండో రోజో మూడో రోజో ఆద్యే చెప్పింది. "అమ్మమ్మా, నీ దగ్గర నేనొక్కదాన్నే ఉండకూడదట. నువ్వు నన్ను మర్చిపోతావా?"

"నిన్నెందుకు మర్చిపోతానే?"

"అమ్మ అంది, మర్చిపోయే జబ్బట."

జనవరి రెండు, శనివారం, పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రి. జ్ఞాపకశక్తి డాక్టరు. శనివారం తలంటు లేకుండా ఆసుపత్రికైనా ఎలా వెళ్తాను? తెల్లవారే తలంటుకున్నాను, తల పగిలిపోతుంటే ఆటో ఎక్కాను. టోకెను తీసుకుని కూర్చున్నాం. గోడ మీద టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, చప్పుడు లేకుండా. ఏసీ చలికి నేను వణుకుతుంటే పక్క కుర్చీలో ఉన్న ఒకామె తన శాలువా సగం నా మోకాళ్ల మీద కప్పింది. "పక్కపక్కనే కూసున్నం కదక్కా, కప్పుకో. మా ఆయనను లోపలికి తోల్కపోయిన్రు, గంటయింది" అంది. తన కళ్లలో నీళ్లున్నాయి. అయినా నా చలి చూసింది. ఆ గదిలో నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే.

లోపల డాక్టరు అడిగాడు. "ఈ రోజు ఏంటమ్మా?"

"మార్గశిర బహుళ అష్టమి, శనివారం."

"అది వద్దమ్మా. ఇంగ్లీషు తేదీ."

"జనవరి రెండు."

"సంవత్సరం?"

"రెండు వేల పదిహేను."

మాధవి తల దించుకుంది. అప్పుడు గాని నాకు తెలియలేదు. కొత్త సంవత్సరం వచ్చి రెండు రోజులే అయింది, బ్యాంకుల్లో కూడా జనం చెక్కుల మీద పాత సంవత్సరం వేస్తూనే ఉంటారు. కానీ నేను ఎన్నడూ వెయ్యలేదు. తిథి సరిగ్గా చెప్పినందుకు ఆయన ఏ మార్కూ ఇవ్వలేదు.

మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. గొడుగు, మామిడి, రైలు. తరువాత వందలోంచి ఏడు తీస్తూ పొమ్మన్నాడు. తొంభైమూడు, ఎనభైయారు, డెబ్బైతొమ్మిది అంటూ పోయాను. "చాలమ్మా" అన్నాడు. నేను ఆగలేదు, రెండు మిగిలేదాకా వెళ్లాను. "ఇప్పుడు ఆ మూడు మాటలు చెప్పండి" అన్నాడు.

గొడుగు.

గొడుగు తరువాత ఏమీ లేదు. తెల్లగోడ.

ఆయన మాధవితో మాట్లాడాడు. మతిమరుపు మొదలైంది, మాత్రలు రాస్తున్నాను, ఒంటరిగా వదలకండి, చిన్నపిల్లల్ని ఆవిడ మీద వదిలి వెళ్లకండి. ఆవిడ అంటే నేను. రెండు మూరల దూరంలో కూర్చుని ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద నేను ఏడవలేదు. మిగిలిన రెండు మాటలూ వెతుక్కుంటున్నాను. భయం వేసింది, దాచను. మా పెద్దమ్మ చివరి రోజుల్లో తన కొడుకునే ఎవరు బాబూ నువ్వు అని అడిగేది. ఆద్యను చూసి నేను అలా అడిగే రోజు వస్తుందేమో అనుకున్నాను. అది స్కూలు వ్యాను దిగి వచ్చేసరికి దాని పేరు గుర్తుంటుందా అని రెండుసార్లు లోపల అనుకుని చూసుకున్నాను.

దీపం పెట్టే వేళకు ఆ మాటలు వాటంతటవే వచ్చాయి. మామిడి. రైలు. వంటింట్లోకి వెళ్లి మాధవితో చెప్పాను.

"సరేలే అమ్మా, పడుకో" అంది.

ఆ "సరేలే" నన్ను నిలబెట్టింది. కోపం నన్ను భయంలోంచి బయటికి లాగింది. పొద్దున పోయిన మాటలు సాయంత్రానికి ఎలా తిరిగి వచ్చాయి? ముసలితనం శనివారం పొద్దున వచ్చి దీపాల వేళకు వెళ్లిపోదు.

పుష్యం

మాత్రలు మొదలయ్యాయి. తరువాతి శనివారం అమావాస్య, తలంటుకోలేదు. ఆ రోజు కులాసాగా ఉన్నాను. "చూశావా, మాత్ర పనిచేసింది" అంది మాధవి. భోగి నాడు తలంటుకున్నాను, మళ్లీ పడ్డాను. "డోసు చాలడం లేదట" అంది మాధవి, డాక్టరుకు ఫోను చేసి. మాత్ర రెండయింది.

మా కార్యాలయంలో కొత్తగా చేరిన వాళ్లకు మొదట నేర్పేది ఒకటే. రెండు విషయాలు ఎప్పుడూ కలిసే వస్తుంటే, ఏది కారణమో తెలియాలంటే వాటిని విడదీసి చూడాలి. నా ఇంట్లో ఉపవాసమూ తలస్నానమూ కలిసే వస్తాయి, మా అమ్మ కాలం నుంచి. ఏకాదశి నాడు ఉపవాసం ఉంది, తలస్నానం లేదు. ఏమీ కాలేదు. మార్గశిర శనివారాల్లో ఉపవాసం లేదు, తలస్నానం ఉంది. పడ్డాను. ఇంత చిన్న లెక్క ఇంట్లో ముగ్గురు చదువుకున్నవాళ్లం, బయట ఇద్దరు డాక్టర్లు. ఒక్కరైనా వేసి చూడలేదు. నేను చెప్తుంటే "నువ్వు ఎక్కువ ఆలోచించకమ్మా" అన్నారు. ఆలోచించడం కూడా జబ్బు లక్షణం అయిపోయింది.

తలస్నానంలో ఏముంది? నూనె మార్చాను. కుంకుడుకాయలు మాని షాంపూ వాడాను. మళ్లీ తలనొప్పే.

జనవరి ఆఖరి వారంలో ఒక సాయంత్రం హాల్లో కుర్చీలో కూర్చుని జపం చేసుకుంటున్నాను. ఆద్య వాళ్ల అమ్మతో బజారుకు వెళ్లింది. కళ్లు తెరిచేసరికి హాలు చీకటి. చెయ్యి ఊపు అని అరవడానికి ఎవరూ లేరు. నేను కుర్చీలో నిండుగా కూర్చునే ఉన్నాను, ఊపిరి పీలుస్తూనే ఉన్నాను, నామం చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ బుడిపె లెక్కలో మాత్రం గదిలో ఎవరూ లేరు.

అలాంటి బుడిపె నా స్నానాల గదిలో కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

మరునాడు పొద్దున గీజరు వెలిగించకుండా, కిటికీ తీసి, చీర మీదే లోపలికి వెళ్లాను. ఫ్యాను తిరిగింది. నేను తలంటుకునే పీట మూలన ఉంటుంది, నడుమెత్తు గట్టు వెనక, తలుపు దగ్గరి బుడిపెకు చాటుగా. దాని మీద కూర్చున్నాను, కుంకుడుకాయ పులుసు కళ్లలో పడకుండా కళ్లు మూసుకున్నట్టే మూసుకుని. కొంతసేపటికి ఫ్యాను ఆగింది. పీట మీదినుంచే చెయ్యి ఊపాను. తిరగలేదు. రెండు చేతులూ ఊపాను. తిరగలేదు. లేచి తలుపు దగ్గరికి వస్తే తిరిగింది. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ ఆగింది. మూడోసారి కూడా చూసుకున్నాను.

మామూలు రోజు నా స్నానం ఒక బకెట్టు, గబగబా అయిపోతుంది. తలంటు రోజున జుట్టు నాలుగైదు సార్లు కడగాలి, వేణ్నీళ్లు ధారగా వస్తూనే ఉండాలి, గీజరు మంట హోరుమని మండుతూనే ఉండాలి. ఆ హోరులో ఫ్యాను ఆగిన సంగతి చెవికి తెలియదు. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, దాన్ని కిరణ్ ముట్టుకోలేదు. కార్తీకం చలి మొదలయ్యాక, చలికీ మెట్రో దుమ్ముకూ భయపడి కిటికీ నేనే మూసేదాన్ని. మెకానిక్ బయటికి పోవాలన్న ఆ గాలి పోవడానికి దారి లేక నా ఊపిరిలోకి పోయింది.

ఆదివారం దాకా ఆగాను, ఇద్దరూ ఇంట్లో ఉంటారని. "బాబూ, ఆ స్నానాల గది ప్రోగ్రాము ఒకసారి నాకు చదివి వినిపించండి" అన్నాను.

"ఎందుకు అత్తయ్యగారూ? మీకు అర్థం కాదేమో."

"తెలుగులో చెప్పండి. ఒక్కొక్క వరుసా."

లాప్‌టాప్ తెరిచి చెప్పాడు. కదలిక కనిపిస్తే ఫ్యాను వెయ్యి. కదలిక కనిపించినప్పుడల్లా గడియారం మొదటికి తిప్పు. ఐదు నిమిషాలు కదలిక లేకపోతే, గది ఖాళీ. గది ఖాళీ అయితే ఫ్యాను ఆపు.

"గది ఖాళీ అని రాశారా?"

"అంటే... మేం అలాగే రాస్తాం. లాజిక్ కరెక్టే."

"కదలకపోతే లేనట్టేనా?"

కిరణ్ ఆ వరుస మళ్లీ చదువుకున్నాడు.

"పెట్టాక పరీక్ష చేశారా?"

"చేశాను. వారం రోజులు."

"ఎవరి మీద?"

"నా మీదే. మీరు ఊరెళ్లినప్పుడు ఆ బాత్రూమే వాడాను."

"మీరు నిలబడి స్నానం చేస్తారు, షవరు కింద. తలుపుకు ఎదురుగా."

"అవును."

"ఈ గది ఎవరిది?"

అప్పుడు అతని మొహం మారింది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. సెన్సరు చోటు మారిస్తే సరిపోతుందన్నాడు, ఐదు నిమిషాలను ఇరవై చేస్తానన్నాడు, వేణ్నీళ్ల ఆవిరిలో మనిషి వేడికీ గది వేడికీ తేడా దానికి తెలియదని ఎక్కడో చదివానన్నాడు. చదివారా, అన్నాను. చదివి కూడా పెట్టారా?

"లేవండి. వెళ్లి నా పీట మీద కూర్చోండి" అన్నాను. అల్లుడితో నేను ఎన్నడూ అలా మాట్లాడలేదు. మాధవి "అమ్మా" అంది. నేను వినలేదు. గీజరు ఆపి, తలుపు తీసి ఉంచి, ఆ మూలన కూర్చోబెట్టాను. ముగ్గురం ఫ్యాను శబ్దం వింటూ ఉన్నాం. అది ఆగింది. అతను చెయ్యి ఊపాడు. నాలాగే రెండో చెయ్యి కూడా ఊపాడు.

పీట మీదినుంచి వెంటనే లేవలేకపోయాడు. మాధవి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "డాక్టరు చెప్తే నమ్మాను కదమ్మా" అంది. నేను చెప్తే నమ్మలేదు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అన్నాను కూడా. అనవలసిన మాటే.

ఆ ఫ్యాను ముప్పై వాట్లది. రోజుకు అరగంట ఎక్కువ తిరిగిందనుకున్నా నెలకు అర యూనిట్ కూడా కాలదు. అది పొదుపు చెయ్యడానికి నన్ను పిచ్చిదాన్ని చేశారు.

మాఘం

గీజరు ఇప్పుడు స్నానాల గదిలో లేదు. బట్టలుతికే బాల్కనీలో బిగించారు, గొట్టంలో వేణ్నీళ్లు మాత్రం లోపలికి వస్తాయి. మంట బయటే మండుతుంది. ఇది చదివేవాళ్లు వేరే ఏమీ గుర్తుంచుకోకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఫ్యానుకు మామూలు స్విచ్చి పెట్టించాను. నొక్కితే తిరుగుతుంది, నొక్కితే ఆగుతుంది. నేను ఉన్నానో లేనో దానికి అనవసరం.

కిరణ్ కోఠీ వెళ్లి కార్బన్ మోనాక్సైడ్ అనే ఆ విషవాయువును పసిగట్టే సెన్సరు ఇంకొకటి తెచ్చాడు. తెచ్చి, బల్ల మీద పెట్టి, బిగించకుండా నా మొహం చూశాడు. "పెట్టమంటారా అత్తయ్యగారూ?" ఇంతకుముందు ఎన్నడూ అడగలేదు. పెట్టమన్నాను, ఒక షరతు మీద. దానికి అరిచే అధికారమే గాని దేన్నీ ఆపే అధికారం ఇవ్వకూడదు. కార్యాలయంలో కొత్త గుమాస్తాకు కూడా అంతే ఇచ్చేవాళ్లం. అతను అలాగే రాశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వరుసా తెలుగులో చెప్తూ రాశాడు. ఒకచోట "ఇది ఎందుకు?" అని అడిగితే ఆలోచించి ఆ వరుస తీసేశాడు. ఆ ఆదివారం మాత్రం నాకు అతనిమీద కోపం రాలేదు.

రథసప్తమి ఆదివారం వచ్చింది. తల మీద జిల్లేడాకులు పెట్టుకుని తలస్నానం చేశాను, కిటికీ తీసుకుని. మాధవి తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. నిమిషానికోసారి "అమ్మా" అని పిలిచింది. ప్రతిసారీ విసుక్కుంటూ పలికాను. బయటికి వచ్చి, నా కాళ్ల మీద నేను నడిచి, పొంగలి వండాను. అండాళుకు గిన్నెలో పంపిస్తే తనే వచ్చింది. "తలకాయ నొస్తలేదా అమ్మా? మరి ఉపాసం ఉపాసం అని అందరం నీ మీదనే పడ్డం" అంది. తప్పు ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. డాక్టర్లు ఇంకా రెండో మనిషి కాలేదు.

పంజాగుట్ట ఆసుపత్రికి మళ్లీ వెళ్లాను, ఈసారి బుధవారం. జరిగిందంతా చెప్పాను. డాక్టరు "అయి ఉండవచ్చు" అన్నాడు. ఆ గాలి ఒంట్లోంచి కొద్ది గంటల్లో పోతుంది, ఇప్పుడు రక్తంలో కనపడదు, రుజువు చెయ్యలేం అన్నాడు. "ఇంట్లో గీజరు ఏదని మీరు ఒక్కసారైనా అడిగారా?" అన్నాను. అది తన విభాగం కాదన్నాడు. మళ్లీ పరీక్ష పెట్టమన్నాను. మూడు మాటలు: తాళం, చిలక, నిమ్మకాయ. మూడూ అప్పగించాను. సంవత్సరం కూడా చెప్పాను, ఆయన అడగకముందే. మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేద్దాం అన్నాడు. పాత పరీక్ష కొట్టేయమంటే, రికార్డు కొట్టేయడం కుదరదన్నాడు. అంతా అయ్యాక కూడా నా ఫైలులో నాకు మతిమరుపు ఉంది.

మార్చి ఒకటి నుంచి స్కూలు వ్యాను మానిపించారు. మాధవే వచ్చి, "ఆద్యను నువ్వే తీసుకెళ్తావా అమ్మా?" అంది. తల ఊపాను. ఆ ప్రశ్నకు మాటతో జవాబు చెప్పేంత సౌమ్యత ఇంకా నాకు రాలేదు. రేకుల పక్కనుంచి చుట్టుదారిలో వెళ్తున్నాం. ఆద్య నా వేలు పట్టుకుని దారి తనకే తెలిసినట్టు ముందు నడుస్తుంది.

హాల్లో లైటు మాత్రం అలాగే ఉంచాను, ఆద్య ఏడ్చిందని. నిన్న సాయంత్రం జపానికి కూర్చున్నాను. కళ్లు మూసుకుని ఉండగానే లైటు ఆరినట్టు రెప్పల వెనక తెలిసింది. ఆద్య బొమ్మలు వదిలేసి వచ్చింది. బుడిపె వైపు చెయ్యి ఊపలేదు. నా మొహం ముందుకు వచ్చి, గాలి తగిలేంత దగ్గరగా ఊపింది.

"అమ్మమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే" అన్నాను, కదలకుండానే.